టిక్ మనాలి, లేకపోతే సిగ్నల్ పోతుంది: మన గ్యాడ్జెట్లలో దాక్కున్న బుల్లి స్నాప్ కనెక్టర్ల సంగతి

బ్యాటరీ మార్పించాక ఫోన్‌లో సిగ్నల్ తగ్గిందా? చార్జింగ్ పోర్ట్ బాగు చేయించాక ఇంట్లో కాల్స్ కట్ అవుతున్నాయా? ల్యాప్‌టాప్‌లో కొత్త వైఫై కార్డ్ వేశాక పక్క గదిలోకి వెళ్తే నెట్ పడిపోతోందా? అయితే ముందు ప్రాసెసర్‌నీ, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌నీ, సిమ్ కంపెనీనీ తిట్టడం ఆపండి. బియ్యపు గింజ పక్కన పెడితే దానికి జోడీలా కనిపించే ఒక గుండ్రటి లోహపు బటన్ ఊడిపోయి ఉండొచ్చు.

కెమెరా సెన్సర్ సైజు, చిప్‌సెట్ నానోమీటర్లు, డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్ గురించి మనం గంటలు గంటలు మాట్లాడుకుంటాం. ఈ కనెక్టర్ మాత్రం ఏ స్పెక్ షీట్‌లోనూ ఉండదు. ఇది సరిగ్గా కూర్చోకపోతే లక్ష రూపాయల ఫోన్ కూడా సిగ్నల్ విషయంలో పాత డబ్బా ఫోన్ కన్నా ఘోరంగా ఉంటుంది. అందుకే ఈసారి కొత్త ఫోన్ రివ్యూ పక్కన పెట్టి, ఫోన్ లోపల ఉండే ఈ చిన్న భాగం గురించి చెప్పుకుందాం.

అసలు కోయాక్స్ అంటే ఏంటి?

మామూలు కరెంటు వైర్‌లో రెండు తీగలు పక్కపక్కనే పోతాయి. కోయాక్సియల్ కేబుల్‌లో ఒక తీగ మధ్యలో ఉంటుంది, దాని చుట్టూ ఇన్సులేషన్, ఆ పైన గొట్టంలా రెండో లోహపు పొర, అన్నిటి పైన ప్లాస్టిక్ తొడుగు. రెండు కండక్టర్లకీ అక్షం ఒకటే కాబట్టి ఆ పేరు. బ్రిటన్‌కి చెందిన ఆలివర్ హెవిసైడ్ 1880లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. మీ ఇంటి డిష్ టీవీ కేబుల్ కూడా ఇదే జాతి.

ఈ నిర్మాణం వల్ల లాభం ఏంటంటే, సిగ్నల్ రెండు కండక్టర్ల మధ్య ఖాళీలోనే ప్రయాణిస్తుంది. బయటి పొర గోడలా పనిచేస్తుంది. లోపలి సిగ్నల్ బయటికి కారదు, పక్కనున్న ప్రాసెసర్, డిస్‌ప్లే వల్ల పుట్టే గోల లోపలికి రాదు. ఫోన్ లాంటి ఇరుకు ఇంట్లో ఇది చాలా ముఖ్యం.

ఇక 50 ఓమ్స్ అనే మాట మీరు వినే ఉంటారు. నేను ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చిన బ్యాచ్. మైక్రోవేవ్ ఇంజనీరింగ్ సబ్జెక్ట్‌లో ఈ నంబర్‌ని బట్టీ పట్టాం కానీ ఎందుకో చాలామంది అడగలేదు. గాలిని ఇన్సులేటర్‌గా వాడిన కోయాక్స్‌లో ఎక్కువ పవర్ పంపాలంటే సుమారు 30 ఓమ్స్ మంచిది, నష్టం తక్కువ కావాలంటే సుమారు 77 ఓమ్స్ మంచిది. ఆ రెండిటి మధ్య రాజీయే 50. కేవలం సిగ్నల్ అందుకునే టీవీ కేబుల్స్ 75 ఓమ్స్‌లో ఉంటాయి. పంపడం, అందుకోవడం రెండూ చేసే ఫోన్, రూటర్, వాకీటాకీ అన్నీ 50 ఓమ్స్ లెక్కతో నడుస్తాయి.

ఇంకో ముఖ్యమైన విషయం. ఈ ఇంపిడెన్స్ కేబుల్ మొత్తం సైజు మీద ఆధారపడదు. లోపలి తీగకీ బయటి గొట్టానికీ ఉన్న వ్యాసాల నిష్పత్తి, మధ్యలో ఉన్న ఇన్సులేటర్, ఈ రెండే ముఖ్యం. కాబట్టి నిష్పత్తి చెడకుండా కేబుల్‌ని ఎంతైనా సన్నబరచవచ్చు. మీ ఫోన్‌లో ఒక మిల్లీమీటర్ కూడా లేని కోయాక్స్ ఉండటానికి కారణం ఇదే. కానీ అదే కేబుల్‌ని బ్యాటరీ కింద నలిపేస్తే నిష్పత్తి మారుతుంది, 50 కాస్తా ఇంకేదో అవుతుంది, సిగ్నల్‌లో కొంత అక్కడి నుంచి వెనక్కి తిరిగిపోతుంది.

స్నాప్ వెనక మెకానిజం

పాత రేడియో పరికరాల్లో కనెక్టర్లని మర తిప్పి బిగించేవాళ్లు. రూటర్ యాంటెన్నాలో కనిపించే ఎస్‌ఎంఏ తరహా కనెక్టర్ అలాంటిదే. గట్టిగా పట్టుకుంటుంది, సరిగా బిగిస్తే 18 గిగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది. కానీ తిప్పడానికి చోటు కావాలి, టైమ్ కావాలి. రోజుకి వేల ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో ఆ రెండూ ఉండవు.

దానికి పరిష్కారం చొక్కాకి వాడే టిచ్ బటన్ ఐడియా. బోర్డ్ మీద సోల్డర్ చేసిన భాగాన్ని రిసెప్టకిల్ అంటారు. దాని మధ్యలో సన్నని పిన్, చుట్టూ లోహపు ఉంగరం, ఆ ఉంగరానికి బయటివైపు ఒక గాడి. కేబుల్ చివర ఉండే ప్లగ్‌కి లోపల స్ప్రింగ్‌లా పనిచేసే కాంటాక్ట్, చుట్టూ కాస్త సాగే లోహపు గోడ, ఆ గోడకి లోపలివైపు చిన్న ఉబ్బు. నిటారుగా నొక్కితే గోడ కొంచెం విచ్చుకుని, ఉబ్బు వెళ్లి గాడిలో పడుతుంది. ఆ క్షణంలో వచ్చే శబ్దమే 'టిక్'.

ఆ టిక్‌లో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. మధ్య పిన్ కలుస్తుంది, చుట్టూ గ్రౌండ్ పూర్తి వలయంగా కలుస్తుంది. ఈ రెండోది చాలామంది పట్టించుకోరు. ఇంత ఎక్కువ ఫ్రీక్వెన్సీలో కరెంటు లోహం పైపొర మీదే పరిగెడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రాగిలో ఆ లోతు సుమారు 1.3 మైక్రాన్లు మాత్రమే. అంటే ఉపరితలం శుభ్రంగా ఉండటం, చుట్టూ సమానంగా తగలడమే ఇక్కడ సర్వస్వం. సగం కూర్చున్న కనెక్టర్ మల్టీమీటర్‌తో చూస్తే బీప్ అంటుంది, కానీ సిగ్నల్‌కి మాత్రం అది గోతుల రోడ్డే.

ఫ్యామిలీ ఫొటో

పెద్దవాళ్ల నుంచి మొదలుపెడదాం.

ఎస్‌ఎంబీ: 1960ల నాటిది. స్నాప్ జాతిలో పెద్దన్న. 4 గిగాహెర్ట్జ్ దాకా రేటింగ్. ఇప్పుడు మీకు ఎక్కువగా కార్లలో కనిపిస్తుంది. కార్ల యాంటెన్నాలకి వాడే ఫక్రా కనెక్టర్ లోపల ఉండేది ఎస్‌ఎంబీయే. పైన రంగుల ప్లాస్టిక్ తొడుగు, దానికి వేర్వేరు ఆకారపు గాళ్లు ఉంటాయి. నీలం రంగుది జీపీఎస్‌కి, ముదురు ఎరుపుది సెల్యులార్‌కి. ఒకదాంట్లో ఇంకోటి దూరదు, కాబట్టి మెకానిక్ పొరపాటు చేయాలన్నా కుదరదు.

ఎంసీఎక్స్: ఎస్‌ఎంబీ కన్నా దాదాపు 30 శాతం చిన్నది, 6 గిగాహెర్ట్జ్ దాకా రేటింగ్. కంప్యూటర్‌కి పెట్టి రేడియో సిగ్నల్స్ వినే చవక టీవీ డాంగుల్స్ వాడినవాళ్లకి ఇది బాగా తెలుసు.

ఎంఎంసీఎక్స్: ఇంకా చిన్నది. 360 డిగ్రీలు తిరుగుతుంది. డ్రోన్ వీడియో ట్రాన్స్‌మిటర్లలో, జీపీఎస్ మాడ్యూల్స్‌లో ఉంటుంది. ఇయర్‌ఫోన్లలో కూడా, ఆ గొడవ కిందకి వద్దాం.

యూ.ఎఫ్‌ఎల్: జపాన్ కంపెనీ హిరోసే తయారీ. బోర్డ్ మీద బిగించాక మొత్తం ఎత్తు 2.5 మిల్లీమీటర్ల లోపే. 6 గిగాహెర్ట్జ్ దాకా రేటింగ్. ఐ-పెక్స్ కంపెనీ ఎంహెచ్‌ఎఫ్ వన్ దీనికి సరిపోతుంది. ఆన్‌లైన్ సెల్లర్లు 'ఐపెక్స్ 1' అని రాసేది ఇదే.

ఎంహెచ్‌ఎఫ్ 4: పై రకానికి బుల్లి తమ్ముడు. ఎత్తు 1.2 మిల్లీమీటర్లే. ఇప్పటి ల్యాప్‌టాప్ వైఫై కార్డుల్లో ఉండేది ఇదే. 'ఐపెక్స్ 4' అని అమ్ముతారు.

చివరి రెండూ చూడ్డానికి కవలల్లా ఉంటాయి కానీ ఒకదానికొకటి సరిపోవు. యూ.ఎఫ్‌ఎల్ ఉంగరం సుమారు 2 మిల్లీమీటర్లు, ఎంహెచ్‌ఎఫ్ 4ది సుమారు ఒకటిన్నర. పెద్ద ప్లగ్‌ని చిన్నదాని మీద పెడితే వదులుగా ఆడుతుంది, చిన్నదాన్ని పెద్దదాని మీద బలవంతంగా నొక్కితే విరుగుతుంది.

మా అమ్మ ఫోన్ కథ

పోయిన ఏడాది మా అమ్మ ఫోన్‌కి బ్యాటరీ ఉబ్బింది. ఊళ్లోనే ఒక షాపులో మార్పించారు. వారం తర్వాత నాన్న ఫోన్‌లో నుంచి కాల్ చేసి, "ఒరేయ్, నా ఫోన్‌కి నువ్వు చేస్తే స్విచ్ఛాఫ్ అని వస్తోందంట కదా, నేను ఆపనే లేదు" అంది. ఇంట్లో ఉంటే కాల్స్ కలవవు, డాబా మీదకి వెళ్తే కలుస్తాయి. ఒకసారి ఆసుపత్రి నుంచి మా పిన్ని చేసిన ఆరు కాల్స్ ఒక్కటీ రాలేదు. సిమ్ మార్చారు, లాభం లేదు. మళ్లీ అదే షాపుకి తీసుకెళ్తే "బోర్డ్ పోయిందమ్మా, నాలుగున్నర వేలవుద్ది, దానికన్నా కొత్తది తీసుకోండి" అన్నారట.

పండక్కి ఊరెళ్లినప్పుడు చూశాను. ఒకే టేబుల్ మీద, ఒకే నెట్‌వర్క్ సిమ్‌తో నాన్న ఫోన్ మైనస్ 94 డీబీఎం చూపిస్తే అమ్మ ఫోన్ మైనస్ 116 చూపించింది. తేడా 22 డెసిబెల్స్. వినడానికి చిన్న నంబర్‌లా ఉంది కదా? డెసిబెల్స్ లెక్కలో 3 తగ్గితే పవర్ సగం, 10 తగ్గితే పదో వంతు, 20 తగ్గితే నూరో వంతు. 22 అంటే సుమారు 160వ వంతు సిగ్నల్ అన్నమాట.

వెనక మూత తీశాను. బ్యాటరీ పక్కన నల్ల తీగ ఒకటి పైనుంచి కిందకి పోతోంది. దాని కింది చివర బటన్ రిసెప్టకిల్ పక్కన పడుకుని ఉంది. సరిగ్గా పైన పెట్టి వేలిగోరుతో నొక్కాను. టిక్. ఫోన్ ఆన్ చేస్తే మైనస్ 95. ఖర్చు సున్నా.

షాపతన్ని మోసగాడని నేను అనను. ఎండాకాలం మధ్యాహ్నం, టేబుల్ మీద పదిహేను ఫోన్లు, మ్యాగ్నిఫైయర్ లేదు. కానీ నాలుగున్నర వేలు అనే ముందు మూత ఒకసారి ఎత్తి చూస్తే బాగుండేది. అది తెలియక కొత్త ఫోన్ కొనేసిన ఇళ్లు ఎన్ని ఉంటాయో అనిపించింది.

ఆ తీగ అక్కడే ఎందుకు ఉంటుంది?

చాలా ఫోన్లలో మదర్‌బోర్డ్ పైభాగంలో, బ్యాటరీ మధ్యలో, చార్జింగ్ బోర్డ్ కింద ఉంటాయి. ప్రధాన సెల్యులార్ యాంటెన్నా తరచుగా కింది అంచులో ఉంటుంది. రేడియో చిప్ పైన, యాంటెన్నా కింద కాబట్టి మధ్యలో వంతెన కావాలి. ఆ వంతెనే ఈ కోయాక్స్ తీగ, దాని రెండు చివర్లా స్నాప్ కనెక్టర్లు. అందుకే బ్యాటరీ మార్చినా, చార్జింగ్ పోర్ట్ బాగు చేసినా, డిస్‌ప్లే మార్చినా దీని మీద చెయ్యి పడుతుంది.

మరి తీగ ఊడితే సిగ్నల్ పూర్తిగా ఎందుకు పోదు? ఫోన్‌లో సిగ్నల్ అందుకోవడానికి పైన ఇంకో యాంటెన్నా కూడా ఉంటుంది. దాని పుణ్యమా అని ఒకటి రెండు గీతలు కనిపిస్తూనే ఉంటాయి. ఊడిన చోట కూడా కొద్దిపాటి సిగ్నల్ గాలిలోనే దూకుతుంది. టవర్ మాట ఫోన్‌కి ఎలాగోలా వినిపిస్తుంది, ఫోన్ మాట మాత్రం టవర్ దాకా చేరదు. అప్పుడు ఫోన్ తన ట్రాన్స్‌మిట్ పవర్‌ని పెంచుకుంటూ పోతుంది. కొత్త బ్యాటరీ వేయించినా చార్జ్ త్వరగా దిగిపోతోంది, ఫోన్ వేడెక్కుతోంది అంటే ఇది కూడా ఒక కారణం కావచ్చు.

రిపేర్‌కి ముందు, తర్వాత చూసుకోండిలా

గీతల్ని నమ్మకండి. ఎన్ని డెసిబెల్స్‌కి ఎన్ని గీతలు చూపించాలో ఒక్కో కంపెనీ లెక్క ఒక్కోలా ఉంటుంది. అసలు నంబర్ చూడండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లో సిగ్నల్ స్ట్రెంత్ ఉంటుంది. చాలా ఫోన్లలో డయలర్‌లో *#*#4636#*#* కొడితే టెస్టింగ్ మెనూ వస్తుంది. ఐఫోన్‌లో *3001#12345#* కొట్టి కాల్ నొక్కితే ఫీల్డ్ టెస్ట్ మోడ్ తెరుచుకుంటుంది. 4జీలో మైనస్ 90 లోపు ఉంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటితే కష్టం.

షాపుకి ఇచ్చే ముందు ఇంట్లో ఒకే చోట నిలబడి నంబర్ రాసుకోండి. ఫోన్ వచ్చాక అదే చోట, అదే సిమ్‌తో మళ్లీ చూడండి. రెండు మూడు డెసిబెల్స్ అటూ ఇటూ మామూలే. పది దాటి పడిపోతే వెనక్కి తీసుకెళ్లి, "అన్నా, యాంటెన్నా వైర్ రెండు చివర్లూ కూర్చున్నాయో లేదో ఒకసారి చూడు" అనండి. ఈ ఒక్క మాటతో మీకు విషయం తెలుసని అవతలివాళ్లకి అర్థమైపోతుంది.

ల్యాప్‌టాప్ వైఫై కార్డ్ మారుస్తుంటే

పాత వైఫై 5 కార్డ్ తీసేసి ఇంటెల్ ఏఎక్స్ 210 లాంటిది వేసుకోవడం మన బ్యాచ్‌లో పాపులర్ అప్‌గ్రేడ్. స్క్రూ ఒకటే, తీగలు రెండు. అసలు పరీక్ష ఆ రెండు తీగల దగ్గరే.

మొదటిది, పాత ల్యాప్‌టాప్‌లలోని మినీ పీసీఐఈ కార్డులకి పెద్ద సైజు కనెక్టర్లు, ఇప్పటి ఎం.2 కార్డులకి ఎంహెచ్‌ఎఫ్ 4. అడాప్టర్ పెట్టి పాత మెషీన్‌లో కొత్త కార్డ్ వేస్తుంటే తీగలు సరిపోవు, కొత్త తీగలో కన్వర్టర్ తీగలో కావాలి. రెండోది, ఏ తీగ ఏ పోర్ట్‌కి అనేది. రంగుల్ని నమ్ముకోకండి, ఒక కంపెనీలో తెల్ల తీగ మెయిన్ అయితే ఇంకో కంపెనీలో బూడిద రంగుది మెయిన్. ఊడదీసే ముందు ఒక ఫొటో తీసుకుంటే సరి. మూడోది, ఒక్క తీగ కూర్చోకపోయినా వైఫై పనిచేస్తుంది, కానీ స్పీడ్ సగానికి పడుతుంది, రేంజ్ తగ్గుతుంది. అందుకే "కొత్త కార్డ్ వేస్ట్" అనే ముందు రెండు తీగలూ మళ్లీ నొక్కి చూడండి.

ప్రాజెక్టులు చేసేవాళ్లకి

ఈఎస్‌పీ32 క్యామ్ బోర్డ్ కొని, బయటి యాంటెన్నా తగిలించి, "రేంజ్ ఏం పెరగలేదు" అనే జూనియర్లు నాకు ప్రతి సెమిస్టర్‌లో మెసేజ్ చేస్తారు. ఆ బోర్డ్‌లో కనెక్టర్ ఉన్నా, డిఫాల్ట్‌గా సిగ్నల్ బోర్డ్ మీద ముద్రించిన యాంటెన్నాకే పోతుంది. కనెక్టర్ పక్కన ఉన్న సున్నా ఓమ్ రెసిస్టర్‌ని ఊడదీసి రెండో స్థానంలో సోల్డర్ చేస్తేనే బయటి యాంటెన్నా పనిచేస్తుంది. రాస్‌ప్‌బెర్రీ పై కంప్యూట్ మాడ్యూల్ 4లో అయితే సోల్డరింగ్ అక్కర్లేదు, కాన్ఫిగ్ ఫైల్‌లో ఒక లైన్ చాలు.

డ్రోన్ వాళ్లకి ఇంకో మాట. వీడియో ట్రాన్స్‌మిటర్‌ని యాంటెన్నా లేకుండా ఆన్ చేయొద్దు. బయటికి పోవాల్సిన పవర్ వెనక్కి తిరిగి వచ్చి చిప్‌ని వేడెక్కిస్తుంది, కాల్చేస్తుంది కూడా. క్రాష్ అయ్యాక బ్యాటరీ పెట్టే ముందు కనెక్టర్ ఊడిందేమో చూడటం అలవాటు చేసుకోండి.

ఇయర్‌ఫోన్లలో ఎంఎంసీఎక్స్ గొడవ

తీగ మార్చుకునే ఇయర్‌ఫోన్లలో ఎంఎంసీఎక్స్‌ని షూర్ లాంటి కంపెనీలు బాగా వాడాయి. ఊడితే కొత్త కేబుల్ వేసుకోవచ్చు, గుండ్రంగా తిరుగుతుంది, చెవి వెనకకి హాయిగా వంగుతుంది. కానీ ఈ డిజైన్ పుట్టింది రేడియో పరికరాల కోసం, అక్కడ ఒకసారి పెడితే నెలల తరబడి కదలదు. మన చెవి దగ్గర మాత్రం రోజంతా తిరుగుతూనే ఉంటుంది, దానికి తోడు చెమట. కొన్నాళ్లకి గాడి అరిగి, ఒక వైపు గరగర శబ్దం వస్తుంది. అందుకే కొందరు 0.78 మిల్లీమీటర్ల టూ-పిన్‌నే ఇష్టపడతారు. తరచుగా కేబుల్ మార్చే అలవాటుంటే ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

పెట్టే పద్ధతి, తీసే పద్ధతి

యూ.ఎఫ్‌ఎల్ రేటింగ్ 30 సార్లు. మళ్లీ చదవండి, ముప్పై సార్లే. యూఎస్‌బీ సీ లాగా వేల సార్లు పెట్టి తీసేది కాదు. ఫ్యాక్టరీలో ఒకసారి, రిపేర్‌లో రెండు మూడు సార్లు అనే లెక్కతో చేశారు. టెస్టింగ్ కోసం రోజూ పెట్టి తీసేవాళ్లు ఒక చిన్న పిగ్‌టెయిల్ పెట్టుకుని, రెండో చివర ఎస్‌ఎంఏతో పని నడిపిస్తే బోర్డ్ బతుకుతుంది.

పెట్టేటప్పుడు: ముందు పవర్ తీసేయండి. ప్లగ్‌ని రిసెప్టకిల్ మీద నొక్కకుండా ఊరికే ఆనించి, కొంచెం అటూ ఇటూ జరపండి. మధ్యలో కూర్చుంటే జరగడం ఆగిపోతుంది. అప్పుడు నిటారుగా నొక్కండి. టిక్ వినిపించాలి, వేలికి తెలియాలి. వంకరగా ఉండగా బలం పెడితే మధ్య పిన్ వంగుతుంది, ఇక ఆ బోర్డ్ మీద కొత్త రిసెప్టకిల్ సోల్డర్ చేయాల్సిందే.

తీసేటప్పుడు: తీగ పట్టుకుని లాగొద్దు. ప్లాస్టిక్ ఓపెనింగ్ టూల్‌ని ప్లగ్ అంచు కింద పెట్టి నేరుగా పైకి లేపండి. స్క్రూడ్రైవర్‌తో పక్కనుంచి ఎత్తితే రిసెప్టకిల్ మొత్తం సోల్డర్‌తో సహా లేచి వస్తుంది. తీగని మళ్లీ దాని గాడిలోనే పరవండి, స్క్రూ కిందో బ్యాటరీ కిందో నలగనివ్వకండి.

చివరి మాట

రేటింగ్ ఇవ్వాలంటే ఈ కనెక్టర్‌కి నేను ఐదుకి నాలుగు ఇస్తాను. సైజుకీ పనితనానికీ ఫుల్ మార్కులు. కట్ చేసిన ఆ ఒక్కటీ, సగం కూర్చున్నా బయటికి ఏమీ తెలియనివ్వదు కాబట్టి. ఆ లోటుని మన చెవి, మన వేలు, ఒక డీబీఎం నంబర్ తీర్చగలవు. ఈ రాత్రే మీ ఫోన్ నంబర్ ఒకటి, అమ్మానాన్నల ఫోన్ల నంబర్లు ఒకటి చూసి రాసి పెట్టుకోండి. రేపు ఏ షాపుకి వెళ్లినా పోల్చి చూసుకోవడానికి మీ దగ్గర లెక్క ఉంటుంది.